మే 2024 తుఫాను స్వార్మ్ డేటాలో ఎందుకు కనిపించడం లేదు?

నాగావళి_తీరం
అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన భూ అయస్కాంత తుఫాను (సూర్యుడి నుంచి వచ్చిన ప్లాస్మా మేఘం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేయడం) మీద ప్రాజెక్టు తీసుకున్నాను. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ వాళ్ల మూడు స్వార్మ్ ఉపగ్రహాల (ఆల్ఫా, బ్రావో, చార్లీ) డేటా ఉచితమే కాబట్టి, ఆ డేటా ఇచ్చే వైరెస్ సైట్ నుంచి స్వార్మ్ ఆల్ఫా మాగ్నెటోమీటర్ రీడింగులు, సెకనుకు ఒకటి చొప్పున ఉన్నవి, దించుకున్నాను.

మొత్తం క్షేత్ర బలాన్ని గ్రాఫ్ గీస్తే సుమారు 20 వేల నానోటెస్లాల నుంచి 50 వేల దాకా పైకీ కిందకీ ఊగే అల ఒక్కటే కనిపిస్తోంది. మే 9న ఎలా ఉందో మే 11న కూడా అలాగే ఉంది. జపాన్‌లోని క్యోటో వాళ్ల డీఎస్‌టీ సూచీ (తుఫాను బలం చెప్పే అంకె, ఎంత మైనస్‌లోకి పోతే అంత పెద్ద తుఫాను) మాత్రం మైనస్ 400 దాటిందని చూపిస్తోంది. అంత పెద్ద తుఫాను మధ్యలోంచి వెళ్లిన ఉపగ్రహంలో ఏమీ కనిపించకపోవడం ఏమిటి? రెండు వారాల్లో రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది.

ధ్రువరేఖ
తుఫాను మీ డేటాలోనే ఉంది, భూమి సొంత క్షేత్రం కింద మునిగిపోయింది అంతే. మీరు చూస్తున్న ఆ అల అంతా భూగర్భం నుంచి వచ్చే ప్రధాన క్షేత్రం. ఉపగ్రహం ధ్రువం నుంచి ధ్రువానికి సుమారు 94 నిమిషాలకో చుట్టు తిరుగుతుంది కాబట్టి ఆ క్షేత్రం పెరగడం, తగ్గడం అలలా కనిపిస్తుంది. 400 నానోటెస్లాలంటే అందులో ఒక శాతం. 50 వేల స్కేలు మీద అది గీత మందంలో కలిసిపోతుంది.

ముందు ప్రధాన క్షేత్రాన్ని తీసేయండి. డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ల ఖేయాస్ అనే నమూనా వైరెస్‌లోనే ఉంది. మీరు అడిగితే ప్రతి రీడింగు పక్కనే, ఆ చోట ఆ క్షణాన నమూనా ఎంత చెబుతోందో కూడా ఇస్తుంది. కొలిచిన దాంట్లోంచి దాన్ని తీసేయగా మిగిలేదే మీకు కావలసింది. భూమి పైపొరలోని రాళ్ల క్షేత్రం ఆ ఎత్తులో చాలాచోట్ల కొద్ది నానోటెస్లాలే, ఇంత పెద్ద తుఫాను లెక్కలో దాని గురించి బాధపడక్కర్లేదు.

ఇంకో మాట. మొత్తం బలం కాకుండా ఉత్తర దిశ భాగాన్ని తీసుకోండి. తుఫాను సమయంలో భూమి చుట్టూ, వేల కిలోమీటర్ల ఎత్తున, పడమర దిక్కుగా వలయ విద్యుత్ ప్రవాహం బలపడుతుంది. దాని క్షేత్రం దక్షిణంగా చూస్తుంది. మధ్యరేఖ దగ్గర భూమి క్షేత్రం ఉత్తరంగా ఉంటుంది కాబట్టి అక్కడ మొత్తం బలం తగ్గుతుంది. ధ్రువాల దగ్గర రెండూ ఒకే దిశలో పడి పెరుగుతుంది. అంటే ఒకే చుట్టులో ఒకే తుఫాను మీకు మైనస్‌గానూ, ప్లస్‌గానూ కనిపిస్తుంది. చుట్టంతా సగటు తీస్తే చాలావరకు చెరిగిపోతుంది.

పైథాన్_పిల్ల
వైరెస్‌క్లయింట్ అనే పైథాన్ లైబ్రరీ ఉంది, సైట్‌లో బటన్లు నొక్కుతూ కూర్చోనక్కర్లేదు. ఉపగ్రహం పేరు, తేదీలు, నమూనా పేరు ఇస్తే నేరుగా పాండాస్ టేబుల్ వచ్చేస్తుంది. నమూనాను తీసేసిన మిగులు విలువలు కూడా అదే ఇస్తుంది. తమ్ముడూ, అయస్కాంత అక్షాంశం (అయస్కాంత మధ్యరేఖ నుంచి లెక్కించేది) కాలమ్ కూడా అడుగు, తర్వాత వడపోయడానికి కావాలి. భౌగోళిక అక్షాంశంతో వడపోస్తే తప్పు వస్తుంది. మన వైపు అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం చివరన తిరునెల్వేలి మీదుగా పోతుంది, బ్రెజిల్ వైపు వేరే చోట ఉంటుంది.

చుక్కల_మాస్టారు
హైస్కూల్లో సైన్స్ చెప్తాను. పిల్లలకు చెప్పడానికి అడుగుతున్నాను. ఉపగ్రహమంటేనే ఇనుము, తీగలు, కరెంటు. తన క్షేత్రమే తనకు అడ్డం కదా? అందులో ఒక నానోటెస్లా తేడా కూడా ఎలా పట్టుకుంటారండీ?

ధ్రువరేఖ
మంచి ప్రశ్న మాస్టారూ. స్వార్మ్ ఉపగ్రహం తొమ్మిది మీటర్ల పొడవు, అందులో నాలుగు మీటర్లు వెనక్కి చాచిన కడ్డీయే. కొలిచే పరికరాల్ని ఆ కడ్డీ మీద, ఉపగ్రహం దేహానికి వీలైనంత దూరంగా పెట్టారు. పరికరాలు రెండు రకాలు. కడ్డీ మధ్యలో ఉన్నది మూడు దిశల్లో విడివిడిగా కొలుస్తుంది. దిశ కచ్చితంగా తెలియాలి కాబట్టి దాని పక్కనే నక్షత్రాల్ని చూసే కెమెరాలు మూడు బిగించారు. కడ్డీ చివరన ఉన్నది హీలియం పరమాణువుల ధర్మం ఆధారంగా మొత్తం బలాన్ని మాత్రమే, కానీ చాలా కచ్చితంగా కొలుస్తుంది. మొదటిది కాలక్రమంలో కొద్దికొద్దిగా జారిపోతుంది, రెండోది చూసి దాన్ని సరిదిద్దుతారు.

చార్లీ అనే ఉపగ్రహంలో ఈ హీలియం పరికరం, దాని జోడీ కూడా 2014 నవంబరు నాటికే పనిచేయడం మానేశాయి. అప్పటినుంచి పక్కనే ఎగురుతున్న ఆల్ఫా రీడింగులతో చార్లీని సరిదిద్దుతున్నారు. పదేళ్లు దాటినా ఆ డేటా పనికొస్తోందంటే ఆ పని చేస్తున్న వాళ్ల శ్రద్ధ ఎంతటిదో పిల్లలకు తప్పకుండా చెప్పండి.

కాకినాడ_హామ్
ఇదంతా జరిగిపోయాక చూసే లెక్క. మా హామ్ రేడియో వాళ్లకు కావలసింది ముందు హెచ్చరిక. అది స్వార్మ్ ఇవ్వదు కదా? మా గ్రూపులో అందరం ఎల్1 దగ్గరున్న ఉపగ్రహాల గ్రాఫులే చూస్తాం. మన ఆదిత్య ఎల్1 కూడా అక్కడే ఉంది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లి, 2024 జనవరి 6న ఎల్1 చుట్టూ కక్ష్యలో కుదురుకుంది.

ధ్రువరేఖ
నిజమే, స్వార్మ్ పని వేరు. ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుడి వైపు ఉంది. సౌరగాలి సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో వస్తే అక్కణ్నుంచి ఇక్కడికి గంట పైన. 800 వేగమైతే అరగంట. తుఫాను ఎంత పెద్దదైతే వ్యవధి అంత తక్కువ, బాధ అదే.

అక్కడ కూడా చూడాల్సింది అయస్కాంత క్షేత్రాన్నే. సూర్యుడి నుంచి వచ్చిన ప్లాస్మా మేఘంలోని క్షేత్రం ఉత్తరంగా ఉంటే చాలావరకు మన అయస్కాంత కవచం పక్క నుంచి జారిపోతుంది. దక్షిణంగా తిరిగి గంటలకొద్దీ అలాగే ఉంటే భూమి క్షేత్రంతో కలిసి తలుపు తెరుచుకుంటుంది. ఆ దిశ ఎటో సూర్యుణ్ని ఫోటో తీసి చెప్పడం ఇప్పటికీ చాలా కష్టం. మేఘం వచ్చి మాగ్నెటోమీటర్‌ను తాకాకే తెలుస్తుంది. అందుకే ఆదిత్యలో ఆరు మీటర్ల కడ్డీ పెట్టి, దాని చివర ఒక సెన్సరు, సగం దూరంలో మరొకటి బిగించారు. రెంటి మధ్య తేడా చూసి ఉపగ్రహం సొంత క్షేత్రాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు. మాస్టారి ప్రశ్నకు ఇది ఇంకో జవాబు.

కాకినాడ_హామ్
ఒక చిన్న చేర్పు, ఎందుకంటే టీవీల్లో రెండూ కలిపేస్తారు. పగటిపూట హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) బ్యాండ్లు ఉన్నట్టుండి చచ్చిపోవడం సౌరజ్వాల ఎక్స్ కిరణాల వల్ల. అది ఎనిమిది నిమిషాల్లో వచ్చేస్తుంది, దానికి ముందు హెచ్చరిక ఉండదు. భూ అయస్కాంత తుఫాను ఒకటి, రెండు రోజుల తర్వాత వస్తుంది. అప్పుడు బ్యాండ్లు గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి చెదిరిపోతాయి. మే 10న మన టైము ప్రకారం రాత్రి పదిన్నర దాటాక తుఫాను తాకింది. డీఎస్‌టీ అట్టడుగుకు పోయింది మర్నాడు ఉదయం ఎనిమిది ప్రాంతంలో.

సబ్‌స్టేషన్_పెద్దాయన
విద్యుత్ సరఫరాలో పనిచేసి రిటైరయ్యాను. నాకో సందేహం. ఇన్ని ఉపగ్రహాలుండగా నేల మీద అబ్జర్వేటరీలకు ఇంకా డబ్బు పెట్టడం అవసరమా? ఉపగ్రహం రోజుకు పదిహేను చుట్లు తిరిగి భూమి మొత్తం చూస్తుంది. నేల మీది స్టేషను ఒక్క ఊరినే చూస్తుంది.

ధ్రువరేఖ
అయ్యా, ఒక్క ఊరినే కదలకుండా చూడటమే దాని బలం. ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పోతుంది. రీడింగు మారితే తుఫాను మారిందా, తాను వేరే చోటికి వచ్చిందా అనేది ఒక్క ఉపగ్రహంతో తేలదు. నడిచే రైల్లోంచి వాన చూసినట్టే, వాన ఇప్పుడు మొదలైందా, రైలే వానలోకి వచ్చిందా చెప్పలేం. డీఎస్‌టీ సూచీ హెర్మానస్, కకియోకా, హోనలులు, శాన్ హువాన్ అనే నాలుగు స్టేషన్ల మీద నడుస్తుంది. దక్షిణాఫ్రికా, జపాన్, హవాయి, పోర్టోరికో. ఆ నాలుగూ భూమి చుట్టూ సర్దుకుని ఉన్నాయి కాబట్టే గంట గంటకూ ఆగకుండా లెక్క వస్తోంది.

నిలకడ విలువ ఏమిటో మన దేశమే చూపించింది. 1859 సెప్టెంబరు 2న బొంబాయి కొలాబా అబ్జర్వేటరీలో కంటితో చూసి రాసిన రీడింగుల్లో క్షేత్రం సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయింది. ఆ రోజు వచ్చిన మహా తుఫానుకు తక్కువ అక్షాంశాల నుంచి మిగిలిన గట్టి సాక్ష్యం అదే. ఇవాళ్టికీ ప్రపంచమంతా దాని మీద వ్యాసాలు రాస్తోంది. బొంబాయిలో కరెంటు ట్రాములు వస్తున్నాయని 1904లో అబ్జర్వేటరీని అలీబాగ్‌కు మార్చారు. రొద లేని చోటు కోసం ఊరే మారిపోయారు. మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) అబ్జర్వేటరీది కూడా ఇలాంటి పరిస్థితే. చుట్టూ నగరం పెరిగింది, ఇప్పుడు మెట్రో గేటు ముందు నుంచే పోతోంది. చౌటుప్పల్‌లో వాళ్లకు ఇంకో అబ్జర్వేటరీ ఉంది.

పైథాన్_పిల్ల
నేల మీది స్టేషన్లు ముఖ్యమే, కానీ సర్, వాటికి చేతకానివీ ఉన్నాయి. సముద్రాల మీద స్టేషన్లు లేవు. ఇంకా ముఖ్యంగా, అంతరిక్షం నుంచి ధ్రువ ప్రాంతాల్లోకి క్షేత్రరేఖల వెంట నిలువుగా దిగే ప్రవాహాలు నేల మీద కొలిస్తే సరిగా విడిపడవు. నేలకు తెలిసేది ఎక్కువగా 110 కిలోమీటర్ల ఎత్తున అడ్డంగా పారే ప్రవాహాల క్షేత్రమే. స్వార్మ్ ఆ నిలువు ప్రవాహాల మధ్యలోంచే పోతుంది. ఆల్ఫా, చార్లీలను పక్కపక్కన ఎగరేసింది అందుకే. రెండు చోట్ల ఒకేసారి కొలిస్తే క్షేత్రం అడ్డంగా ఎలా మారుతోందో తెలుస్తుంది, ఆంపియర్ నియమం పెట్టి ప్రవాహం ఎంతో నేరుగా లెక్కేయొచ్చు.

ఇరిడియం ఫోను ఉపగ్రహాలది ఇంకా గొప్ప సంగతి. వాటిలో మాగ్నెటోమీటర్లు పెట్టింది ఉపగ్రహాన్ని తిన్నగా ఉంచడానికి, సైన్సు కోసం కాదు. అయినా అరవైకి పైగా ఉపగ్రహాలు ఒకేసారి కొలుస్తున్నాయి కాబట్టి ఆ రీడింగులతో ధ్రువాల చుట్టూ ప్రవాహాల పటం గీస్తున్నారు. క్రయోశాట్-2, గ్రేస్ ఫాలో ఆన్ లాంటి ఉపగ్రహాల్లోని మామూలు మాగ్నెటోమీటర్లను కూడా ఇలాగే సరిదిద్ది వాడుతున్నారు.

నాగావళి_తీరం
ధ్రువరేఖ గారూ, అక్కా, చాలా థాంక్స్. నమూనా తీసేశాను, అయస్కాంత అక్షాంశం ప్లస్ మైనస్ 30 డిగ్రీల లోపల ఉత్తర భాగం మాత్రమే ఉంచాను. తుఫాను కనిపించింది! మే 10 రాత్రి నుంచి దిగుతూ, 11 ఉదయానికి అడుగున ఉంది. గ్రాఫ్ చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

కానీ రెండు విషయాలు అర్థం కాలేదు. ఒకటి, ఆల్ఫా విలువలూ బ్రావో విలువలూ ఒకే గంటలో కలవడం లేదు. రెండోది, పగటి వైపు దాటినప్పుడు సరిగ్గా అయస్కాంత మధ్యరేఖ మీద సన్నటి లోయ ఒకటి పడుతోంది. అది తుఫాను లేని రోజుల్లో కూడా ఉంది.

ధ్రువరేఖ
ముందు ఆ లోయ సంగతి. దాన్ని మీ తుఫాను లెక్కలో కలపకండి. పగటిపూట అయస్కాంత మధ్యరేఖ వెంట, సుమారు 110 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు దిక్కుగా గట్టి ప్రవాహం పారుతుంది. ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్ అంటారు. తిరునెల్వేలిలో నేల మీద కొలిస్తే ప్రవాహం నెత్తి మీద ఉంటుంది, క్షేత్రం పెరుగుతుంది. స్వార్మ్‌కు అదే ప్రవాహం కాళ్ల కింద ఉంటుంది, కాబట్టి గుర్తు తిరగబడి తగ్గుతుంది. ఒకే ప్రవాహాన్ని నేల ప్లస్‌గా, ఉపగ్రహం మైనస్‌గా చూస్తాయి.

నాకు ఈ విషయంలో చాలా ఇష్టమైన భాగం ఇదే. వలయ ప్రవాహం రెండింటికీ పైనే ఉంది, కాబట్టి దాని గుర్తు రెండు చోట్లా ఒకటే. ఎలక్ట్రోజెట్ రెంటి మధ్యలో ఉంది, దాని గుర్తు మారుతుంది. అంటే ఒకే సమయంలో కింద ఒక మాగ్నెటోమీటరు, పైన ఒకటి ఉంటే ఏ ప్రవాహం ఎక్కడుందో విడదీయవచ్చు. పెద్దాయన గారి ప్రశ్నకు నా అసలు జవాబు కూడా ఇదే. పైన కొలిచింది, కింద కొలిచింది రెండూ లేకుండా ప్రవాహం ఎత్తు తేలదు.

మీ ప్రాజెక్టుకు సులువైన దారి, రాత్రి వైపు దాటిన చుట్లు మాత్రం తీసుకోండి. అక్కడ ఎలక్ట్రోజెట్ గొడవ దాదాపు ఉండదు.

ఇక ఆల్ఫా, బ్రావో తేడా. బ్రావో మిగతా రెంటికంటే కొంత ఎక్కువ ఎత్తులో ఉంది గానీ తేడాకు కారణం ఎత్తు కాదు, స్థానిక సమయం, అంటే ఉపగ్రహం దాటే చోట అప్పుడు ఎన్ని గంటలైందన్నది. 2013 నవంబరులో పంపిన తర్వాత బ్రావో కక్ష్య తలం మిగతా రెంటి నుంచీ మెల్లగా విడిపోయేలా ఏర్పాటు చేశారు, రెండు వేర్వేరు సమయాల్ని చూడటానికే. తుఫాను బలంగా ఉన్న దశలో వలయం పూర్తి వలయంగా ఉండదు. సాయంత్రం వైపు ప్రవాహం ఎక్కువ, ఉదయం వైపు తక్కువ. కాబట్టి సాయంత్రం వైపు దాటిన చుట్టులో క్షేత్రం ఎక్కువ పడుతుంది. మీ రెండు గీతలూ కలవకపోవడం తుఫాను ఆకారం గురించి సమాచారం. రివ్యూలో దీన్నే ముందు పెట్టండి.

పైథాన్_పిల్ల
తమ్ముడూ, డీఎస్‌టీతో పాటు సిమ్‌హెచ్ సూచీ కూడా గీయి. డీఎస్‌టీ గంట సగటు. సిమ్‌హెచ్ నిమిషానికొకటి, ఇంకొన్ని స్టేషన్లతో చేస్తారు. మే 11న డీఎస్‌టీ మైనస్ 400 దగ్గర ఆగితే, సిమ్‌హెచ్ మైనస్ 500 కూడా దాటింది. ఉపగ్రహం మధ్యరేఖ పట్టీని కొద్ది నిమిషాల్లో దాటేస్తుంది కాబట్టి పోల్చాల్సింది నిమిషాల సూచీతోనే.

మిన్నెసోటా_మూర్తి
ఇక్కడ అమెరికాలో ఉంటున్నాను. ఆ రాత్రి మా పెరట్లోంచి ఆకాశమంతా ఎర్రగా, పచ్చగా ధ్రువకాంతులు చూశాం. మా అమ్మానాన్నలు ఆ సమయానికి ఇక్కడే ఉన్నారు, వాళ్లకూ చూపించాను. లడఖ్ హాన్లేలో కూడా ఎర్రటి కాంతి కెమెరాలకు చిక్కింది. అదే వారాంతంలో ఇక్కడ మొక్కజొన్న విత్తే రైతులకు జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు వరస తప్పి పని ఆపేయాల్సి వచ్చింది. విత్తనాలు పడే అదను అది, ఒక్క రోజు పోయినా నష్టమే.

పెద్దాయన గారూ, మీ రంగంలో దీన్నెలా చూస్తారు? 1989 మార్చిలో క్యూబెక్ కరెంటు పోయినప్పుడు డీఎస్‌టీ మైనస్ 589 అని చదివాను. మే 2024లో అంతకంటే తక్కువే అయినా చాలా పెద్దదే, గ్రిడ్లు మాత్రం నిలబడ్డాయి.

సబ్‌స్టేషన్_పెద్దాయన
ట్రాన్స్‌ఫార్మరుకు డీఎస్‌టీ ఎంత లోతుకు పోయిందన్నది ముఖ్యం కాదు బాబూ, క్షేత్రం ఎంత వేగంగా మారిందన్నదే ముఖ్యం. వేగంగా మారితే నేలలో వోల్టేజీ పుడుతుంది. అది న్యూట్రల్ ఎర్తింగు గుండా ట్రాన్స్‌ఫార్మర్లలోకి దాదాపు డీసీ లాగా దూరుతుంది. కోరు ఒకవైపుకు సాచురేట్ అవుతుంది, హార్మోనిక్స్ పుడతాయి, ప్రొటెక్షన్ రిలేలు మోసపోయి ట్రిప్ చేస్తాయి. క్యూబెక్‌లో అదే జరిగింది. రెండు నిమిషాల్లోపే గ్రిడ్ కూలింది, అరవై లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు లేదు. అక్కడి నేల పురాతన గట్టి శిల. కరెంటు దానిలో పోలేక లైన్లు పట్టుకుంటుంది. ధ్రువ ప్రాంతానికి దగ్గర కావడం ఇంకో కారణం. మనం కింద ఉన్నాం కాబట్టి ప్రమాదం చాలా తక్కువ.

ఇప్పుడు నా సందేహానికి జవాబు నాకే తోస్తోంది. ఒక చోట క్షేత్రం సెకను సెకనుకూ ఎంత మారిందో కావాలంటే ఆ చోట కదలకుండా కూర్చున్న పరికరం కావాలి. ఉపగ్రహం ఆ సెకనులో ఏడు కిలోమీటర్లు దాటిపోతుంది. గ్రిడ్ వాళ్లకు నేల స్టేషన్లే కావాలి.

ధ్రువరేఖ
అవునండీ. ఆ మార్పును పుట్టించే ప్రవాహాలు ఎక్కడ, ఎంత వెడల్పున ఉన్నాయో చెప్పడంలో ఉపగ్రహాలు సాయపడతాయి.

చుక్కల_మాస్టారు
ఉపగ్రహాలకే తుఫాను వల్ల ప్రమాదం ఉండదా?

మిన్నెసోటా_మూర్తి
ఉంది మాస్టారూ. 2022 ఫిబ్రవరిలో స్టార్‌లింక్ వాళ్లు పంపిన 49 ఉపగ్రహాల్లో 40 దాకా కూలిపోయాయి. ఆ తుఫాను చిన్నదే. కానీ ధ్రువాల దగ్గర దిగే ప్రవాహాలు పై వాతావరణాన్ని వేడెక్కించి ఉబ్బిస్తాయి. ఉపగ్రహాలు ఇంకా 210 కిలోమీటర్ల ఎత్తునే ఉన్నాయి, గాలి రాపిడి ఒక్కసారిగా పెరిగింది. పైథాన్ గారు చెప్పిన నిలువు ప్రవాహాల కొలత అందుకే అంత విలువైనది. వేడి ఎంత చేరుతుందో అంచనా వేయడానికి అదే ఆధారం.

కాకినాడ_హామ్
అయితే స్వార్మ్ డేటా త్వరగా ఇస్తే మాకూ పనికొస్తుంది. రోజుల తర్వాత ఇస్తే ఏం లాభం?

పైథాన్_పిల్ల
2023 నుంచి ఫాస్ట్ అనే దారిలో కూడా ఇస్తున్నారండీ, డేటా భూమికి దిగిన కొద్దిసేపటికే వస్తుంది. మామూలు దారిలో పూర్తిగా సరిదిద్దింది తర్వాత వస్తుంది. పరిశోధనకు అది, నిఘాకు ఇది.

ధ్రువరేఖ
స్వార్మ్‌కు ఇంకో పరిమితి కూడా ఉంది. ఆల్ఫా, చార్లీ అన్ని స్థానిక సమయాల్నీ చుట్టిరావడానికి నాలుగు నెలలు దాటుతుంది. తుఫాను రెండు రోజుల్లో అయిపోతుంది. అంటే ఏ తుఫానునైనా ఉపగ్రహాలు ఆ రోజు ఎక్కడుంటే ఆ రెండు, మూడు సమయాల్లోనే చూస్తాయి. 2023 మేలో వెళ్లిన మకావ్ సైన్స్ శాటిలైట్-1 ధ్రువాల మీదుగా పోదు, మధ్యరేఖకు 41 డిగ్రీలు వంచి పెట్టారు. కాబట్టి అది సమయాల్ని చాలా త్వరగా చుట్టేస్తుంది. ఈ రెండు రకాల కక్ష్యలూ కలిస్తే సాయంత్రం వైపు, ఉదయం వైపు తేడాను ఒకే తుఫానులో చూడొచ్చు. ఇలాంటి పనికి మన దేశం నుంచి కూడా తక్కువ వంపు కక్ష్యలో ఒక మంచి మాగ్నెటోమీటరు పైకి వెళ్లాలని నాకు ఎప్పటినుంచో కోరిక. అయస్కాంత మధ్యరేఖ మన నేల మీదుగానే పోతోంది, కింద స్టేషన్లు ఉన్నాయి.

నాగావళి_తీరం
రాత్రి వైపు చుట్లు మాత్రమే ఉంచి సిమ్‌హెచ్ పక్కన గీశాను. ఇప్పుడు రెండూ ఒకే దారిలో దిగుతున్నాయి. పగటి వైపు వాటిని వేరే రంగులో పెట్టాను, ఎలక్ట్రోజెట్ లోయ ఎక్కడుందో బాణం గుర్తు వేశాను.

ధ్రువరేఖ గారూ, ఒక్క ప్రశ్న. హైదరాబాద్ స్టేషను డేటా కూడా పెట్టి, స్వార్మ్ మన రేఖాంశం మీదుగా పోయిన నిమిషాల్లో రెండూ పోల్చవచ్చా?

ధ్రువరేఖ
తప్పకుండా పోల్చండి. హైదరాబాద్ ఇంటర్‌మాగ్నెట్ (అయస్కాంత అబ్జర్వేటరీల అంతర్జాతీయ వ్యవస్థ) స్టేషనే, నిమిషాల డేటా వాళ్ల సైట్‌లో దొరుకుతుంది. మూడు జాగ్రత్తలు చెప్తాను. నేల రీడింగుకు ఖేయాస్ నమూనా తీసేస్తే సరిపోదు, స్టేషను కింది రాళ్ల క్షేత్రం మిగిలిపోతుంది. కాబట్టి తుఫానుకు ముందు ప్రశాంతంగా ఉన్న రాత్రి సగటును తీసేయండి. స్వార్మ్ సమయం యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మీ స్థానిక సమయాన్ని విడిగా లెక్కేసి పక్కన రాయండి. వైరెస్‌లో డేటా నాణ్యత గుర్తులు ఉంటాయి, అవి తీసుకోకుండా ఏ బిందువునూ గ్రాఫులో పెట్టకండి.

హైదరాబాద్ ఎలక్ట్రోజెట్ పట్టీకి ఉత్తరాన, బయట ఉంది. తిరునెల్వేలి దాని కిందే ఉంది. వీలైతే రెండూ పెట్టండి. పగటి వైపు దాటిన ఒక చుట్టు మన రేఖాంశానికి దగ్గరగా దొరికితే, తిరునెల్వేలి, హైదరాబాద్ తేడా ఎటు ఉందో, స్వార్మ్ లోయ ఎంత లోతుందో ఒకే పేజీలో చూపించండి. తుఫానులో ఎలక్ట్రోజెట్ ఒక్కోసారి దిశ మార్చుకుని పడమరకు పారుతుంది. అప్పుడు నేల మీద తగ్గుదల, స్వార్మ్‌లో లోయ బదులు చిన్న గుట్ట కనిపించాలి. మే 11 పగటి చుట్లన్నీ అదే కంటితో వెతికి, దొరికిన గ్రాఫు ఇక్కడ పెట్టండి.